మూడు లిపుల ఊరికి ఒంటి లిపి హెడర్లా?

పర్లాకిమిడిలో ఒకే గోడ మీద ఒడియా, తెలుగు, ఇంగ్లీషు రాతలు పక్కపక్కనే ఉంటాయి. వాటితో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఈమెయిల్‌తోనే. ఇక్కడి ఒక సంఘానికి సభ్యులందరికీ మెయిల్ పంపే చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. సబ్జెక్టు: ‘పర్లాకిమిడి సభ్యులకు ఆహ్వానం’. మర్నాడు పెద్దాయన ఫోన్ చేశారు. “ఇదేటి బాబూ, అన్నీ ప్రశ్నార్థకాలు, ఇంగ్లీషు పిచ్చిగీతలు. వైరస్ గానీ ఎక్కిందేటి?”

వైరస్ కాదు. అప్పట్లో తప్పు నాదే అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

హెడర్లంటే ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏ విషయం అని మెయిల్ పైన చెప్పే లైన్లు. అవి పుట్టింది ఆస్కీ కాలంలో, అంటే కంప్యూటర్‌కి ఇంగ్లీషు అక్షరాలే తెలిసిన రోజుల్లో. మెయిల్ ఎలా ఉండాలో చెప్పే 1982 నాటి నియమావళి ఆర్ఎఫ్‌సీ 822లో తెలుగుకి చోటు లేదు. 1996లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2047 ఒక దొడ్డిదారి చూపించింది: వేరే లిపిని ఇంగ్లీషు అక్షరాలుగా మార్చి పొట్లం కట్టు, ఒక్కో పొట్లం 75 అక్షరాలు దాటకూడదు. అన్ని లిపులనూ కంప్యూటర్‌లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి (హల్లు, అచ్చు, గుణింతం, పొల్లు, సున్నా దేనికదే) మూడు బైట్లు. ఆ బైట్లను ఇంగ్లీషు అక్షరాలుగా మార్చే బేస్64లో లెక్కేస్తే ఒక పొట్లంలో పట్టేవి పదిహేను గుర్తులే. ‘పర్లాకిమిడి’ ఒక్కదానికే పదకొండు అయిపోతాయి. నా సబ్జెక్టు మొత్తం ఒకే పొట్లంగా కట్టాను, 120 అక్షరాలైంది. కొన్ని ఫోన్లు సర్దుకుని చూపించాయి, పెద్దాయన మెయిల్ ప్రోగ్రాం సర్దుకోలేదు.

ఈ లెక్కంతా నాకెందుకు తెలియాలి? నేను వాడిన లైబ్రరీకి (ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్‌కి) హెడర్ అంటే పేరు, ఎదురుగా ఒక స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. అంతే, డిక్షనరీలాగా. కానీ హెడర్లు అలా ఉండవు. సబ్జెక్టు ఒక్కటే ఉండాలి. రిసీవ్డ్ హెడర్లు ఎన్నైనా ఉండొచ్చు, కొత్తది పైన చేరుతుంది, ఆ వరుస చెదిరితే మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పలేం. ‘టు’లో ఉండేది చిరునామాల జాబితా, ‘డేట్’లో తేదీ. ఇన్ని రకాలను ఒకే గోతంలో కుక్కి, మిగతాది నువ్వు చూసుకో అనడాన్ని సింప్లిసిటీ అంటున్నారు!

లైబ్రరీ మనకి కనబడే ముఖమే ఇంటర్‌ఫేస్. మంచి ఇంటర్‌ఫేస్‌కి రెండు అంతస్తులు ఉండాలి. పైన నేను తెలుగులో ఇస్తే తెలుగులోనే తిరిగి ఇవ్వాలి, పొట్లాలు అది కట్టుకోవాలి. కింద వచ్చిన బైట్లు వచ్చినట్టే ఉండాలి. మెయిల్ దారిలో మారలేదని చెప్పే డీకిమ్ సంతకం హెడర్ల మీద కూడా ఉంటుంది కనుక, బాగుచేస్తున్నానని ఒక్క అక్షరం మార్చినా సంతకం చెల్లకుండా పోవచ్చు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కొత్త ఈమెయిల్ ఇంటర్‌ఫేస్ ఈ దారిలోనే నడిచింది. పైథాన్ 3.3 వెర్షన్‌లో ప్రయోగంగా వచ్చి 3.6లో స్థిరపడింది. రెండో సబ్జెక్టు పెట్టబోతే ఎర్రర్ ఇస్తుంది. అయినా మెయిల్‌ని చదివే ఫంక్షన్లకు ఏ పద్ధతి కావాలో (‘పాలసీ’) చెప్పకపోతే నేటికీ పాత పద్ధతే. పాత కోడ్ మీద అంత ప్రేమ మరి.

వెసులుబాటు పెరిగితే దొంగలకు సందు దొరుకుతుందని కొందరంటారు. సబ్జెక్టులోకి కొత్త లైను దూర్చి, దొంగచాటుగా ‘బీసీసీ’ హెడర్ (మిగతావాళ్లకు కనబడకుండా ఇంకొకరికి మెయిల్ పంపేది) చేర్చే దాడి నిజమే. అయితే ఆ సందు ఎక్కువగా ఉండేది ఏ స్ట్రింగ్ ఇచ్చినా కళ్లు మూసుకుని తీసుకునే పాత ఇంటర్‌ఫేస్‌లోనే. విలువలో కొత్త లైను కనబడితే తిప్పికొట్టడం లైబ్రరీ పని, వాడేవాడిది కాదు.

అసలు నా కోపం హెడర్ల మీద కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే బడిపంతులుగా ఉండి సవర అనే గిరిజన భాష నేర్చుకున్నారు. మీరు నా భాషకి రండి అని సవరలతో అనలేదు, ఆయనే వాళ్ల భాషకి వెళ్లారు. 1936లో సరిహద్దు గీత పడి పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక ఊరు విడిచి వెళ్లిపోయారు. మేం ఉండిపోయాం, మూడు లిపులతో. మన పనిముట్లు తయారుచేసేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఒక్క లిపి మనిషినే ఎదురుగా కూర్చోబెట్టుకుని గీతలు గీస్తున్నారు. మాబోటివాళ్ల పేర్లు వాళ్లకు ‘స్పెషల్ కేసు’.

సబ్జెక్టుని పదిహేను గుర్తుల చొప్పున ముక్కలు చేసి, మొత్తానికి సరిచేశాను. వారం తర్వాత పెద్దాయన మళ్లీ ఫోన్. “ఆహ్వానం బాగుంది గానీ బాబూ, పంపినవాళ్ల పేరు దగ్గర మళ్లీ అవే గీతలు.”