రాసుకపోయిన లెక్క ఎటుపాయె?

మొదటి వానలు పడగానే మన హైదరాబాద్ బస్తీల్లో రెండు సీన్లు ప్రతి ఏడూ కనిపిస్తాయి. ఒకటి దోమల పొగ కొట్టుకుంటూ పోయే బండి, రెండోది తెల్లకోట్లు వేసుకుని ఫారాలు పట్టుకుని గల్లీల్లో తిరిగే మెడికోలు. పొగబండి సంగతి ఇంకోరోజు చూద్దాం, దానికి వేరే సంపాదకీయమే కావాలి. ఇవాళ ఈ పిల్లల గురించి.

వీళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఇంట్లో ఎంతమంది, నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుంది, నీళ్ళు దేంట్లో పట్టుకుంటారు, మూత పెడతారా లేదా, బీపీ ఉందా, షుగర్ ఉందా, గోళీలు రోజూ వేసుకుంటున్నారా మధ్యలో ఆపేశారా అని అన్నీ అడిగి రాసుకుంటారు. ఆ ఇంటామె బీడీలు చుట్టేదో కుట్టుపని చేసేదో, చేతిలో పని పక్కన పెట్టి, కుర్చీ వేసి, ఒక్కోసారి చాయ్ కూడా పోసి ఓపిగ్గా చెప్తుంది. మరుసటేడు ఇంకో బ్యాచ్ వస్తుంది, మళ్ళీ అవే ప్రశ్నలు. "పోయినేడు గూడ రాసుకపోయిండ్రు గదా బిడ్డా, మరేమైంది?" అంటే ఆ పిల్లలు మొహాలు చూసుకుంటారు. వాళ్ళకీ తెలీదు మరి, ఎందుకంటే పోయినేడు రాసుకున్న లెక్క రికార్డు బుక్కులోకెక్కి, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం పడి, వైవా అనే నోటి పరీక్షలో ఎగ్జామినర్ రెండు పేజీలు తిప్పి చూశాక డిపార్ట్‌మెంట్ బీరువాలో పడుకుంది.

హైదరాబాద్‌లో విద్యార్థులు జనారోగ్యం మీద పని చేయట్లేదని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం. ఉస్మానియా, గాంధీ రెండు కాలేజీలే తీసుకున్నా ఒక్కో బ్యాచ్‌కి 250 చొప్పున 500 మంది ఎంబీబీఎస్ పిల్లలు. ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్ అని నేషనల్ మెడికల్ కమిషన్ పెట్టాక ప్రతి స్టూడెంటూ కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువున్నన్నాళ్ళూ వాళ్ళ ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండాలి. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్ వాళ్ళ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అయితే 1979 నుంచే ఉంది, రెండు నెలలు ఒక గైడ్ కింద చిన్న స్టడీ చేసి రిపోర్ట్ పంపితే, అది ఓకే అయ్యాకే స్టైపెండ్ వస్తుంది. పీజీలకి థీసిస్ ఎలాగూ తప్పదు. వీళ్ళు కాక సెంట్రల్ యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్ పీజీ (ఎంపీహెచ్) చదివేవాళ్ళు, పబ్లిక్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ ఐఐపీహెచ్ వాళ్ళు, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) పిల్లలు, నర్సింగ్, డెంటల్, ఫార్మసీ వాళ్ళు. లెక్కేస్తే ఏడాదికి ఎన్ని ఇళ్ళ తలుపులు కొడుతున్నారో! అంత శ్రమలో మనదాకా వచ్చేది ఎంత?

ఒక ఉదాహరణ మీద కాస్త ఆగుదాం. డెంగీ సర్వేల్లో నూటికి తొంభై చివర్న ఒకే ముక్క రాసి ముగిస్తారు, ప్రజల్లో అవగాహన లోపం ఉంది, అవగాహన పెంచాలి అని. ఇది చదివినప్పుడల్లా మాకు చిరాకేస్తుంది. డెంగీ దోమ మురికికాలవలో కాదు, ఇంట్లో పట్టిపెట్టుకున్న మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది, గుడ్డు నుంచి ఎగిరే దోమ అవడానికి వారం పది రోజులు చాలు. పైగా గుడ్లు డ్రమ్ము గోడకి అతుక్కుని నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, కాబట్టి నీళ్ళు పారబోసి ఊరుకుంటే సరిపోదు, గోడలు పీచుతో రుద్దాలి. ప్రతి ఆదివారం పదింటికి పది నిమిషాలు అని 2020లో జీహెచ్ఎంసీ చేసిన ప్రచారం చాలామందికి గుర్తుండే ఉంటుంది. బస్తీలో ఆమెకి ఇదంతా తెలీదనుకుంటున్నారా? తెలుసు. కానీ నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, ఒక్కోసారి అర్ధరాత్రి వస్తుంది, అంత కష్టపడి పట్టుకున్న నీళ్ళని దోమ కోసం పారబోయమంటే ఏ ఇల్లాలు పారబోస్తుంది? నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీళ్ళ పథకం 2021లో వచ్చింది, మంచిదే, కానీ బిల్లు తగ్గినంత మాత్రాన డ్రమ్ముల అవసరం తగ్గదు, నల్లా ఎప్పుడొస్తుందో నమ్మకంగా తెలిస్తే తగ్గుతుంది. జ్వరం వచ్చిన ఒక మనిషికి మందివ్వడం డాక్టర్ పని, ఒక గల్లీకి గల్లీ ఎందుకు జ్వరపడుతోంది పక్క కాలనీ ఎందుకు పడట్లేదు అని అడగడం పాపులేషన్ హెల్త్ పని, ఈ రెండో ప్రశ్నకి జవాబు ఆమె తలకాయలో కంటే వాటర్ బోర్డు టైంటేబుల్లో ఎక్కువ దొరుకుతుంది. ఇంటింటికీ తిరిగిన స్టూడెంట్ ఇది కళ్ళారా చూస్తాడు. కానీ ఫారంలో ఆ గడి లేదు కాబట్టి రాయడు, రాసినా గైడ్ కొట్టేస్తాడు.

తిరిగే ఓపిక లేనివాళ్ళ దారి ఇంకోటి, గూగుల్ ఫారం. లింక్ తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తే రెండు రోజుల్లో నాలుగొందల రెస్పాన్సులు. ఎవరివి? క్లాస్‌మేట్లవి, జూనియర్లవి, కజిన్లవి. అంటే మెడికోలు మెడికోలనే అడిగి, హైదరాబాద్ ప్రజల్లో డెంగీ మీద మంచి అవగాహన ఉంది అని తేల్చారన్నమాట. ఒక సర్వేలో అవగాహన లోపం, ఇంకో సర్వేలో మంచి అవగాహన, ఆ డ్రమ్ము ముందు నిలబడ్డ మనిషికి మాత్రం ఆ లింకే రాలేదు. నవ్వొచ్చే విషయమే కానీ ఇలాంటివి పేపర్లుగా అచ్చవుతున్నాయి, డబ్బులు కడితే.

ఆ డబ్బుల సంగతీ చెప్పుకోవాలి. పేపర్ కొట్టాలి అనే మాట ఇప్పుడు కాలేజీల్లో ఎలా వాడుతున్నారంటే సర్టిఫికెట్ కొట్టాలి అన్నట్టే. విదేశాల్లో సీటుకి పనికొస్తుంది, రెజ్యూమేలో ఒక లైను పెరుగుతుంది. కొన్ని వేలు కడితే వారంలో అంగీకార పత్రం పంపే జర్నల్స్ మెయిల్ బాక్సుల్లో కుప్పలు. ఈ దందాలో మన ఊరికి ఉన్న పేరు తల్చుకుంటే సిగ్గేస్తుంది, హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక పబ్లిషింగ్ కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టమని తీర్పు ఇచ్చింది, సరైన పీర్ రివ్యూ, అంటే అచ్చుకి ముందు అదే రంగం నిపుణులు చేసే పరిశీలన, లేకుండానే ఉందని చెప్పుకోవడం, ఫీజుల సంగతి దాచిపెట్టడం ఆ కేసులో పెద్ద ఆరోపణలు. పోనీ మంచి జర్నల్‌కే పంపుదామంటే పేరున్న ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదువుకోగల) పత్రికల ఫీజులు డాలర్లలో వేలు, ఒక హౌస్ సర్జన్ కొన్ని నెలల స్టైపెండ్. ఇక పేరు ఎవరిది ముందు అనే పంచాయితీ. ఎండలో తిరిగింది ఒకరు, పట్టికలు వేసింది ఒకరు, పేపర్ మీద మొదటి పేరు మాత్రం ఆ బస్తీ ఎటుందో కూడా తెలియని పెద్దమనిషిది. దీన్ని గిఫ్ట్ ఆథర్‌షిప్ అంటారు. గిఫ్టు ఇచ్చేవాడి ఇష్టంతో పని లేని గిఫ్టు ఇదొక్కటేనేమో.

పిల్లలు చేసే రీసెర్చ్‌కి విలువేముంటుంది, తప్పులు చేస్తారు కదా అని పెద్దలు అంటారు. చేస్తారు. పెద్దలూ చేశారు, ఈ ఊళ్ళోనే చేశారు. 1888, 89ల్లో ఇక్కడ జరిగిన, ఆపరేషన్లలో మత్తుకి వాడే క్లోరోఫాం మీద వేసిన కమిషన్ల కథ అప్పట్లో ప్రపంచమంతా చదివింది. హైదరాబాద్ మెడికల్ స్కూల్ నడిపిన ఎడ్వర్డ్ లారీ తన విద్యార్థుల్ని కూడా పనిలో పెట్టుకుని వందల జంతువుల మీద ప్రయోగాలు చేయించాడు, రెండో కమిషన్‌కి లండన్ నుంచి నిపుణుణ్ణి పంపమని నిజాం వెయ్యి పౌండ్లు ఇస్తే లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు, రిపోర్ట్ ఆ పత్రికలోనే వచ్చింది. క్లోరోఫాంతో ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కాబట్టి మత్తిచ్చేవాడు శ్వాస మీదే కన్నేసి ఉంచితే చాలు అని తేల్చారు. అది తప్పు. 1911లో గుడ్‌మాన్ లెవీ అనే ఆయన క్లోరోఫాం గుండె లయనే చెడగొట్టి మనిషిని చంపగలదని చూపించాడు. అయితే ఒకటి, ఎలా చేశారు ఏం చూశారు అన్నదంతా అచ్చులో ఉంది కాబట్టే ఇంకొకరు పట్టుకుని తప్పని చెప్పగలిగారు. బీరువాలో ఉన్న రికార్డు బుక్కు తప్పో ఒప్పో ఎవరికి తెలుస్తుంది? ఆ మాటకొస్తే బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిన సంగతి కూడా ఆయన వెంటనే రాసి పంపబట్టే లోకానికి తెలిసింది, లేకపోతే ఆ బిల్డింగ్ ముందు మనం ఇవాళ ఫొటోలు దిగేవాళ్ళం కాదు.

అచ్చేయడమంటే అన్నీ అచ్చేయమని కాదు. జనం మీద చేసే పనిలో ముందు అడగాల్సింది అనుమతి. ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు 2010లో ఎందుకు ఆగిపోయిందో పిల్లలకి పాఠంగా చెప్పాలి, హాస్టల్ ఆడపిల్లల తరఫున వార్డెన్లు, హెడ్మాస్టర్లు అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టిన తీరుని పార్లమెంటరీ కమిటీ 2013లో గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న, అడగకుండా చేయడం తప్పు. ఇక్కడ స్టడీలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీల మీద స్టూడెంట్లకి ఉన్న కోపమూ న్యాయమైనదే, రెండు నెలల స్టడీకి అనుమతి నాలుగు నెలలకి వస్తే ఏం చేస్తారు పాపం. రిస్కు లేని చిన్న సర్వేలని త్వరగా చూసి పంపే పద్ధతి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లోనే ఉంది, కమిటీలు వాడుకోవాలి అంతే.

మరి ఎక్కడ వేయాలి? షామీర్‌పేట నల్సార్‌లో లా చదివే పిల్లలు ఒక లా రివ్యూని తామే ఎడిట్ చేసి నడుపుతున్నారు. ఇరవై ఏళ్ళ పిల్లలు లాయర్ల వ్యాసాలు దిద్దగలిగినప్పుడు, అదే ఊళ్ళో, అదే వయసులో, వాళ్ళకంటే ఎక్కువ నిద్రలేని రాత్రులు గడిపే మెడికోలు దిద్దలేరా? కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పూనుకుంటే నగరంలోని మెడికల్, నర్సింగ్, పబ్లిక్ హెల్త్ కాలేజీలన్నిటికీ కలిపి ఒక స్టూడెంట్ జర్నల్ నడపొచ్చు. పైసా ఫీజు లేకుండా, రెండు పేజీల చిన్న రిపోర్టులకి కూడా చోటిచ్చి. స్టాటిస్టిక్స్ తెలిసిన ఒకరు, పాత పేపర్లు తిరగేసే ఓపికున్న ఇద్దరు ప్రొఫెసర్లు రివ్యూకి కూర్చోవాలి, మిగతాది పిల్లలే చేసుకుంటారు. అనుకున్నది తేలలేదు అన్న రిపోర్టులనీ వేయాలి. ఫీల్డ్‌కి పోలేనివాళ్ళకి ఉచితంగా దొరికే డేటా ఉండనే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశం మొత్తం మీద 21.5 అని తేలింది. ఏ జిల్లాలో ఎక్కువ, ఎవరికి ఎక్కువ, ఎక్కడ ఎందుకు తక్కువ అని తవ్వడానికి లాప్‌టాప్ చాలు, డాలర్లక్కర్లేదు.

భాష సంగతి మాత్రం మేము గట్టిగా పట్టుబడతాం. అచ్చయిన ప్రతి రిపోర్టుకీ ఒక పేజీ తెలుగులో, ఒక పేజీ ఉర్దూలో రాసి ఆ బస్తీ దవాఖానా గోడకి అంటించాలి, ఆశా వర్కర్ చేతిలో పెట్టాలి. సైన్సు మన భాషల్లో కుదరదు అనేవాళ్ళు ఈ ఊరి చరిత్ర చదవలేదు, 1846లో మొదలైన ఆ మెడికల్ స్కూల్లో మొదట్లో పాఠాలు ఉర్దూలోనే చెప్పారు, తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ పుట్టినప్పుడు అనువాదాల కోసం ఏకంగా ఒక విభాగమే పెట్టారు. ఇంత చరిత్ర ఉన్నచోట 'స్టాటిస్టికల్లీ సిగ్నిఫికెంట్' (కనిపించిన తేడా కాకతాళీయం కాకపోవచ్చని) అనే ముక్కని ఆ ఇంటామెకి అర్థమయ్యేలా చెప్పలేకపోతే, ఆ ముక్క రాసినవాడికే సరిగ్గా అర్థం కాలేదని మా అనుమానం.

మా గురించి కూడా ఒక మాట. సర్వేలో తేలింది అని మా పేపర్లోనూ హెడ్డింగులు వస్తుంటాయి, ఎంతమందిని అడిగారు, ఎవర్ని అడిగారు, ఎవరు డబ్బిచ్చారు అని మేమూ చాలాసార్లు అడగలేదు. ఆ స్టూడెంట్ జర్నల్ వస్తే అందులోంచి నెలకొక రిపోర్టు, లెక్కలతో సహా, జిల్లా పేజీలో వేస్తాం. మాట ఇస్తున్నాం.

ఈలోపు జర్నల్ లేకపోయినా, యూనివర్సిటీ కదలకపోయినా, ఈ వానాకాలమే చేయగలిగిన పని ఒకటుంది. సర్వేకి పోయేటప్పుడు సంతకం తీసుకునే అనుమతి పత్రంలో చివర ఒక లైను కలపండి: ఈ సర్వేలో తేలింది మీకు ఎప్పుడు, ఎవరు వచ్చి చెప్తారు. తారీఖు, పేరు, ఫోన్ నంబర్. వేలిముద్ర వేసేవాళ్ళకి ఆ లైను గట్టిగా చదివి వినిపించండి. తారీఖు వేయడానికి గైడ్ ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో ఆయన్నే రాసి సంతకం పెట్టమనండి.