పద్యానికి పది నిమిషాలు

మన తెలుగు సంఘం ఈ ఉగాది సంబరాల్లో పద్యపఠనానికి కేటాయించిన పది నిమిషాలు కోతపడ్డాయి. పంచాంగ శ్రవణం అయింది, సన్మానాలు అయ్యాయి, సినిమా పాటల మెడ్లీ రెండు విడతలుగా అయింది. పట్టుపావడాలు కట్టుకుని తెరపక్కన వరసలో నిలబడ్డ పిల్లలు మైకు దాకా రాకముందే భోజనాలకు పిలుపు వచ్చింది. అంతకన్నా గుచ్చుకున్నది ఆ రాత్రి వాట్సాప్‌లో వచ్చిన సమర్థన: “అర్థం కాని పద్యాలు ఈ రోజుల్లో ఎవరు వింటారు?”

జవాబు మన శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోనే, నీళ్ల మధ్య ఏంజెల్ ఐలాండ్‌లో ఉంది. చైనా కూలీల రాకను నిషేధిస్తూ అమెరికా 1882లో చట్టం చేసింది. 1910 నుంచి 1940 దాకా ఓడ దిగిన చైనీయులను ఈ దీవిలోని చెక్క బ్యారక్‌లలో వారాలు, నెలల తరబడి నిర్బంధించి విచారించేవారు. వాళ్లు గోడల మీద పద్యాలు రాశారు. అధికారులు రంగు పూయించారు. అప్పుడు కత్తులతో చెక్కడం మొదలుపెట్టారు. ఆ గాట్లను మైనంలాంటి పుట్టీతో పూడ్చి మళ్లీ రంగు వేశారు. ఆ పూతే చెక్కను కాపాడింది. 1970లో పార్కు ఉద్యోగి ఒకరు ఆ అక్షరాలను గమనించారు. ఇప్పటికి నమోదైన పద్యాలు 200 పైచిలుకు. రాసినవాళ్లలో ఎక్కువమంది గ్వాంగ్‌డాంగ్ పల్లెలవాళ్లు, చదువు అంతంతమాత్రం. అయినా చాలా పద్యాలు నాలుగు లేదా ఎనిమిది పాదాలు, పాదానికి ఐదు లేదా ఏడు అక్షరాలు అన్న పాత చట్రంలోనే ఉన్నాయి. కొన్నిట్లో ప్రాస తప్పింది, స్వరాలు తప్పాయి. ఆ తప్పులే నాకు ముఖ్యం. పద్యం పండితుల సొత్తు కాదని, కష్టం వచ్చినప్పుడు మామూలు మనిషి నోటికి అందేంత దగ్గరలో ఉండేదని అవి చెబుతాయి. ఒకాయన తన నిర్బంధాన్ని యౌలీ చెర అన్నాడు. మూడువేల ఏళ్ల కిందట చైనాలో వెన్ అనే రాజును బంధించిన చోటు అది. పక్క మంచం మీదివాడికి ఆ ఒక్క పేరు చాలు.

ఇంత కట్టుదిట్టమైన పద్యం పల్లెవాడికి ఎలా పట్టుబడింది? ఎనిమిది పాదాల పద్యంలో సరిపాదాల చివర అంత్యప్రాస ఉండాలి. మూడు నాలుగు పాదాలు ఒక జంట, ఐదు ఆరు మరో జంట. జంటలో నామవాచకానికి ఎదురుగా నామవాచకం, క్రియకు ఎదురుగా క్రియ నిలబడాలి. 757లో, తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న చైనా రాజధాని చాంగాన్‌లో కవి దు ఫు రాసిన జంట చూడండి: మూడు నెలలుగా యుద్ధపు మంటలు; ఇంటినుంచి ఉత్తరానికి పదివేల బంగారు నాణేల విలువ. దీని మీద స్వరాల లెక్క మరొకటి ఉంటుంది: చైనా భాషలో ప్రతి మాటకూ పలికే శ్రుతి ఉంటుంది, పాత లెక్కలో సమంగా సాగేది సమస్వరం, మిగతావి విషమస్వరం. ఈ నియమం బడికంటే ముందు గుమ్మం దగ్గరే చెవిన పడుతుంది. కొత్త సంవత్సరానికి తలుపుకు రెండువైపులా అంటించే ఎర్రకాగితాల ద్విపదలో మొదటి పాదం విషమస్వరంతో, రెండోది సమస్వరంతో ముగియాలి. పాత పద్ధతిలో, తలుపుకు ఎదురుగా నిలబడితే మొదటి పాదం కుడిచేతివైపు రావాలి. తారుమారుగా అంటించేవాళ్లు ఉంటారు. పాదం చివరి స్వరం తెలిసినవాళ్లు చూడగానే సరిచేస్తారు.

చైనావాళ్లకు సందర్భానికో పద్యం కూడా ఉంది. పండగకు ఇంటికి వెళ్లలేనివాళ్లు వాంగ్ వె అనే కవి పదిహేడేళ్లప్పుడు రాసిన పాదాలను తలుచుకుంటారు: పరాయి ఊళ్లో ఒంటరిగా పరాయివాణ్ణి, పండగ వచ్చినప్పుడల్లా అయినవాళ్లు రెట్టింపు గుర్తొస్తారు. శరత్కాలపు పున్నమికి సు షి 1076లో తమ్ముణ్ణి తలచి రాసిన గీతం. ప్రయాణమయ్యే కొడుకు చొక్కాకు తల్లి దగ్గరదగ్గరగా కుట్లు వేయడం గురించి మెంగ్ జ్యావ్ రాసిన ఆరు పాదాలు చదివితే, సూట్‌కేసులో ఆవకాయ సీసాకు మూడు కవర్లు చుట్టిన అమ్మ మనకూ కనిపిస్తుంది. 2020లో కొవిడ్ వేళ జపాన్ నుంచి చైనాలోని హుబెయ్‌కు వెళ్లిన మాస్కుల పెట్టెల మీద అతికించింది కూడా ఎనిమిదో శతాబ్దపు జపాన్ రాకుమారుడు చైనా భాషలో రాసిన పాదాలే: కొండలూ నదులూ వేరు, గాలీ వెన్నెలా ఒకే ఆకాశం కింద.

చైనాలో అంతా బాగుందని అనను. 1757లో ప్రభుత్వ పరీక్షల్లో పదహారు పాదాల పద్యాన్ని మళ్లీ తప్పనిసరి చేసినప్పుడు పుట్టినవాటిలో ప్రాణం లేని పద్యాలే ఎక్కువ. ఇప్పుడూ ప్రాథమిక తరగతుల్లో కంఠస్థానికి సూచించినవి 75. అర్థం పట్టకుండా అప్పజెప్పే పిల్లలకు కొదవ లేదు. ఉచ్చారణ కూడా మారిపోయింది. పాత కవి దు ము కొండదారి పద్యంలో మొదటి పాదం చివరిమాటను ఇప్పటి ప్రామాణిక చైనా భాష మాండరిన్‌లో ‘ష్యే’ అంటే తర్వాతి పాదాల చివర వచ్చే ‘జ్యా’, ‘హ్వా’లతో ప్రాస కుదరదు, పాతతరం ‘ష్యా’ అని నేర్చుకుంది. ‘దేశం’ అన్న మాట దక్షిణ చైనాలో మాట్లాడే కాంటనీస్‌లో ఇప్పటికీ ‘గ్వోక్’, పాత లెక్కలో విషమస్వరం. మాండరిన్‌లో చివరి క్ రాలిపోయి ‘గ్వో’ అయి సమస్వరంలో పడింది.  బడిలో ఏ ఉచ్చారణ నేర్పాలని వాళ్లు గట్టిగా వాదించుకున్నారు. పద్యాన్ని మాత్రం వదిలెయ్యలేదు.

మన పిల్లలకు పద్యం అర్థం కాకపోవడానికి కారణం పద్యం కాదు, మనం నేర్పే తీరు. ఇంగ్లిషు లిపిలో రాసిచ్చి, వేదిక ఎక్కే ముందు వారం రోజులు బట్టీ పట్టిస్తాం. ఆ లిపిలో దీర్ఘం కనబడదు. “చూడ చూడ రుచుల జాడ వేరు” ఐదు సూర్యగణాల పాదం. ‘చూడ’ గురువు, లఘువు. పిల్లవాడు ‘చుడ’ అన్నాడంటే మిగిలేవి రెండు లఘువులు, అది సూర్యగణమే కాదు. నడక అక్కడే కుంటుతుంది, వినేవాళ్లు ఇది తెలుగేనా అనుకుంటారు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. దీపావళి కార్యక్రమంలో ఆ పది నిమిషాలు తిరిగి ఇవ్వండి. భోజనాల ముందు కాదు, జ్యోతి వెలిగించిన వెంటనే. ఐదుగురు పిల్లలు చాలు, ఒక్కొక్కరికి ఒకే ఆటవెలది, రెండు నిమిషాలు. ముందు పద్యం, తర్వాత పిల్లలే తమ మాటల్లో అర్థం, మళ్లీ పద్యం. నాలుగు వారాల ముందే తెలుగు లిపిలో ఇవ్వాలి. మొదటి వారం పదాలు విడగొట్టి అర్థం, రెండోవారం చప్పట్లతో గురులఘువుల నడక, మూడోవారం కంఠస్థం, నాలుగోవారం మైకుముందు సాధన. తల్లిదండ్రులు ఇంట్లో సందర్భం వచ్చినప్పుడు ఆ పద్యాన్ని ఒక్కసారైనా వాడాలి; ఉప్పు డబ్బా తీసేటప్పుడైనా సరే. ఈలోగా ఒక శనివారం పిల్లలను టిబురాన్ రేవునుంచి పడవలో ఆ దీవికి తీసుకెళ్దాం. చెక్కగోడ మీది గాట్లు ఇంకా కనబడతాయి.