సాక్ష్యం చెప్పేముందు పక్కన కూర్చున్నవాళ్ళని ఒకసారి చూడండి

అందరికీ వందనాలు. ఇది కొందరికి నచ్చదని తెలిసే రాస్తున్నా.

మా వైపు మందిరాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధన అంటే సగం సాక్ష్యాలే, అంటే దేవుడు తమకి చేసిన మేలు అందరి ముందూ చెప్పుకోవడం. మైకు చేతులు మారుతూ ఉంటుంది. అబ్బాయికి వీసా వచ్చింది, దేవునికి స్తోత్రం. అమ్మాయికి మెడిసిన్‌లో సీటొచ్చింది, స్తోత్రం. ఇంటికి స్లాబు పడింది, స్తోత్రం. పన్నెండు దాటాక కొత్త సంవత్సరానికి బైబిలు వచనం రాసిన వాగ్దానం కార్డు తీసుకుని, కేకు తిని ఇళ్ళకి పోతాం. వీసా వచ్చినవాడు సంతోషం చెప్పుకోకూడదా అంటే, చెప్పుకోవాలి. నా గొడవ అది కాదు.

కరోనా రెండో వేవ్ వచ్చిపోయిన 2021 చివర్లో అలాంటి ఆరాధనలోనే ఒక సహోదరుడు లేచి 91వ కీర్తన చదివాడు. "నీ ప్రక్కను వేయి మంది పడినను" అన్న వచనం. చదివి, మా వీధిలో ఎంతోమంది పోయారు, మా గడప మాత్రం తొక్కలేదు, ఎందుకంటే మాది ప్రార్థన చేసే ఇల్లు అన్నాడు. హాలంతా ఆమెన్ అంది. వెనక వరసలో ఒక అక్క కూర్చుని ఉంది. ఆ మే నెలలోనే ఆమె భర్త పోయాడు. ఆయన మంచం పట్టిన రోజుల్లో ఆమె చేసినంత ప్రార్థన ఆ హాల్లో ఎవరూ చేసి ఉండరు. మరి ఆమె ఇంటి గడప సంగతేంటి? ఆ ఆమెన్ ఆమె చెవిలో ఎలా పడి ఉంటుంది?

లూకా సువార్త 18లో యేసు చెప్పిన కథలో ఇద్దరు దేవాలయానికి వెళ్తారు కదా, ధర్మశాస్త్రం నిష్ఠగా పాటించే పరిసయ్యుడూ, పన్నులు వసూలు చేసే సుంకరీ. ఆ పరిసయ్యుడు చేసింది ఏ ప్రార్థనో గమనించారా? అది కృతజ్ఞతా ప్రార్థనే. ఈ సుంకరివలె "ఉండనందుకు నీకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుచున్నాను" అంటాడు. నోట్లో మాటలు సరిగ్గానే ఉన్నాయి, కన్ను మాత్రం పక్కవాడి మీద ఉంది. యేసు నీతిమంతుడని చెప్పి ఇంటికి పంపింది రెండోవాడిని. యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల్లో ఒక్కడే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పిన కథ మీద ప్రతి సంవత్సరం ప్రసంగం వింటాం, "ఆ తొమ్మండుగురు ఎక్కడ" అని అందరం తలాడిస్తాం. కృతజ్ఞత మీద ఈ పరిసయ్యుడిని పెట్టి ప్రసంగం చేసిన పాస్టరుగారు నాకింతవరకూ తగల్లేదు.

పక్కవాడికి రానిది నాకొచ్చింది కాబట్టి స్తోత్రం అంటే, రేపు వాడికొచ్చి నాకు రాకపోతే ఆ స్తోత్రం ఏమవుతుంది? అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాసింది సంకెళ్ళలో ఉండి. అందులో కృతజ్ఞతాపూర్వకంగా మీ విన్నపాలు దేవునికి తెలియజేయమన్నాడు. అంటే కృతజ్ఞత అడిగేటప్పుడే ఉండాలి, ఇంకా ఏదీ చేతికి రాకముందే. మనం దాన్ని రిజల్ట్స్ బోర్డు చేసేశాం.

అలాగని ఏడుస్తున్నవాళ్ళ నోట్లో బలవంతంగా స్తోత్రం కుక్కడం ఇంకా ఘోరం. పరామర్శకి వెళ్ళి, శవం ఇంకా ఇంట్లో ఉండగానే "ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని వచనం అప్పజెప్పేవాళ్ళని చూశాను. అదే బైబిల్లో 88వ కీర్తన కూడా ఉందండీ. అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. ఆ తర్వాత స్తోత్రమూ లేదు, హల్లెలూయా కూడా లేదు. దాన్ని దేవుడి పుస్తకంలోంచి ఎవరూ తీసెయ్యలేదు. ఆ అక్కకి ఆ కీర్తన చదువుకునే హక్కుంది.

మరి రోజూ కృతజ్ఞత నేర్చుకోవడం ఎలా? నాకు తెలిసింది మా అమ్మమ్మ పద్ధతే. ఆవిడ అన్నం ముందు చేసే ప్రార్థన పొడుగ్గా ఉండేది, పిల్లలం ఆకలికి నకనకలాడేవాళ్ళం. నాట్లేసిన కూలీలు, బియ్యం ఆడించిన మిల్లువాళ్ళు, ఆ పూట కూర తెచ్చిన చేపలామె, అందరూ ఆ ప్రార్థనలోకి రావాల్సిందే. చేపలామె మోకాలి నొప్పి తగ్గాలని కూడా కలిపేది. అసలు రోజూ బియ్యం కడగబోయేముందు ఒక గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేసేది. ఆదివారం అది మందిరానికి పోయేది. ఇంట్లో బియ్యం నిండుకుంటున్న వారాల్లోనూ ఆ గుప్పెడు ఆగేది కాదు. తాతయ్య ఒకోసారి విసుక్కునేవాడు, అది వేరే కథ.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక షరతు పెట్టాను. ఆరోజు జరిగిన ఒక మేలు చెప్పాలి, అందులో ఒక మనిషి ఉండాలి. "దేవుడు కాపాడాడు" అని ఊరుకుంటే కుదరదు, ఎవరి చేతులతో కాపాడాడో చెప్పాలి. మావాడు మొదట్లో వారమంతా క్రికెట్ బ్యాటు ఇచ్చిన ఫ్రెండు పేరే చెప్పి తప్పించుకున్నాడు. తర్వాత ఒకరోజు స్కూల్లో బాత్రూములు కడిగే ఆయా పేరు చెప్పాడు. పేరు ఎలా తెలుసురా అంటే, ప్రార్థనలో చెప్పాలని అడిగానన్నాడు.

ఈ షరతుకి కారణం ఉంది. ఆపరేషన్ బాగా జరిగితే "డాక్టర్లు ఏం చేస్తారండీ, అంతా దేవుడే" అనడం మనకి భక్తిలా వినిపిస్తుంది. రాత్రంతా నిద్రలేకుండా సెలైన్లు మార్చిన నర్సుకి ఒక్క థ్యాంక్స్ చెప్పకుండా డిశ్చార్జ్ అయి వచ్చేసి, ఆదివారం మైకులో స్తోత్రం చెబుతాం. ఆవిడ సంఘానికి రాదు కాబట్టి వినదు కూడా. మనుషుల బాకీ ఎగ్గొట్టడానికి ఇది మంచి ఉపాయం, భక్తి మాత్రం కాదు.

లేవీయకాండం 7లో కృతజ్ఞతార్పణకి, అంటే కృతజ్ఞతగా ఇచ్చే బలికి, ఒక నియమం ఉంది. ఆ మాంసం ఏరోజుది ఆరోజే తినెయ్యాలి, తెల్లారేదాకా ఉంచకూడదు. ఒక్క ఇంటివాళ్ళు ఒక పశువుని ఒక పూటలో ఎలా తింటారు? పదిమందిని పిలవాల్సిందే. ద్వితీయోపదేశకాండం 26లో ప్రథమఫలాలు, అంటే పంటలో మొదటి భాగం, తెచ్చినవాడు దేవుడి మందిర సేవ చేసే లేవీయుడితోనూ, వేరే చోటునుంచి వచ్చిన పరదేశితోనూ కలిసి సంతోషించాలని ఉంది. భూమి లేనివాళ్ళు వాళ్ళిద్దరూ. మన కోతపండగ దీన్నుంచి వచ్చిందే. మరి అక్కడ మనమేం చేస్తున్నాం? గుమ్మడికాయలూ అరటి గెలలూ కోడిపుంజులూ తెచ్చి వేలంపాట పెడతాం. ఎక్కువ పాడినవాడి పేరు మైకులో మోగుతుంది. సరదాగానే ఉంటుంది, నేనూ పాడతాను, మందిరం ఖర్చులకి డబ్బూ కావాలి. కానీ ఆ గుమ్మడికాయల్లో సగమైనా వేలంలోకి పోకుండా, ఆ రోజే వండి, మందిరం పక్కన గుడిసెల్లో ఉండే వలస కూలీలని కూర్చోబెట్టి తింటే ఎలా ఉంటుందని పోయినసారి కమిటీలో అడిగా. వాళ్ళు మన సంఘం కాదు కదా అన్నారు.

పరదేశి అంటే మరి ఎవరనుకున్నారో.

ఈసారి డిసెంబరు 31కి మా పాస్టరుగారిని రెండు అడగబోతున్నా. సాక్ష్యం చెప్పేవాళ్ళు తమకి సాయం చేసిన ఒక మనిషి పేరు కూడా చెప్పాలి. ఆ సంవత్సరం ఇంట్లో మనిషి పోయినవాళ్ళకి మైకు ముందు ఇవ్వాలి, వాళ్ళకి ఇష్టమైతేనే. వాళ్ళు ఏడ్చినా, దేవుణ్ణి ప్రశ్నించినా మధ్యలో ఎవరూ పాట ఎత్తుకోకూడదు. పాస్టరుగారు ఒప్పుకుంటారనే అనుకుంటున్నా. కీబోర్డు వాయించే తమ్ముణ్ణి ఆపడమే కష్టం.