హెడ్డింగ్‌లో ఎలుక ఎందుకు మాయమైంది?

కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గుండె ఫెయిల్యూర్‌కి మందు అయిపోయిందట! ఫోన్లలో ఈ వార్త తిరుగుతున్న తీరు చూస్తే రేపో మాపో మెడికల్ షాపులోకి వచ్చేస్తుందేమో అనిపిస్తుంది.

సైన్స్ అబద్ధమని మేం అనట్లేదు. ఈ గ్యాస్ మన ఒంట్లోనే కొద్దికొద్దిగా తయారవుతుంది, రక్తనాళాల్ని వదులు చేస్తుంది. దాన్ని తయారుచేసే ఒక ఎంజైమ్ లేని ఎలుకలకి బీపీ పెరిగిందని 2008లో తేలింది. గుండెకి రక్తం ఆపి మళ్లీ వదిలే టైంలో ఈ గ్యాస్ ఇస్తే కండరం తక్కువ దెబ్బతిందని అంతకుముందే చూశారు, అదీ ఎలుకల్లోనే. మరి మనుషుల్లో? ఒంట్లో ఈ గ్యాస్‌ని పెంచే ఎస్‌జీ1002 అనే మందుతో 2015లో ఒక చిన్న ట్రయల్ రిపోర్ట్ వచ్చింది, రక్తంలో ఈ గ్యాస్ పెరిగింది, మనుషులు తట్టుకున్నారు, అంతవరకే. ప్రాణాలు నిలిచాయా అన్నది తేల్చే ట్రయలే కాదది. ఇదే దారిలో గుండెపోటు పేషెంట్లకి, ఒంట్లో ఈ గ్యాస్‌ని వదిలే సోడియం థయోసల్ఫేట్ అనే మందు ఇచ్చి చూస్తే గుండెకి జరిగిన డ్యామేజీ ఏమీ తగ్గలేదు. ఈ సంగతి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

ఆశ పుడితే రిసెర్చ్‌కి డబ్బులొస్తాయి కదా అంటారు కొందరు. రానీండి, ఎవరొద్దన్నారు. కానీ కాగితం మీద బ్రహ్మాండంగా కనిపించిన మందులు ఏం చేశాయో గుండె డాక్టర్లకి బాగా తెలుసు. మిల్రినోన్ అనే మందు గుండె పంపింగ్ పెంచుతుంది, అది నిజమే, తీరా మాత్రలుగా రోజూ ఇచ్చి చూస్తే చావులు 28 శాతం పెరిగాయని 1991లో బయటపడింది. ఎలుకలో పనిచేసిందా అన్నది కాదు అసలు ప్రశ్న, మనిషి బతికాడా అన్నది.

పైగా ఇదేమీ అమాయకపు గ్యాస్ కాదు. గాలిలో 10 లక్షల పాళ్లకి 100 పాళ్లుంటేనే ప్రాణాపాయం కింద లెక్క, ఆ స్థాయిలో ముక్కు మొద్దుబారిపోయి కంపు కూడా తెలియదు. కణాల ఊపిరినే ఆపేసే విషం మందుగా మారాలంటే డోసు వెంట్రుకవాసి కూడా తప్పకూడదు.

'ఎలుకల్లో' అన్న ఒక్క మాట హెడ్డింగ్‌లో పెట్టడానికి ఏం అడ్డొస్తోందయ్యా మీకు? వెల్లుల్లి కూడా ఒంట్లో ఈ గ్యాస్ పుట్టిస్తుందట అని తోక తగిలించి క్యాప్సూల్స్ అమ్ముకునేవాళ్లకి సిగ్గుండాలి. రేపు ఎవరైనా గుండెకి డాక్టరిచ్చిన బీటా బ్లాకర్ మాత్ర మానేసి అవి మింగి ఆస్పత్రి పాలైతే, ఆ ఇంటికెళ్లి సమాధానం చెప్పే దమ్ము మీలో ఒక్కరికైనా ఉందా?