కణితి కరగకపోయినా మందు పనిచేసినట్టేనా?

క్యాన్సర్ చికిత్సలో స్కాన్ రిపోర్టు చేతికి రాగానే రోగి అడిగేదీ, ఇంట్లోవాళ్ళు అడిగేదీ ఒకటే ప్రశ్న: గడ్డ తగ్గిందా? వైద్యులు కొలిచేదీ ముందుగా దాన్నే. గడ్డలుగా ఏర్పడే ఘన కణితులకు అంతర్జాతీయంగా వాడుతున్న కొలమానం ప్రకారం, ఎంచుకున్న కణితుల వ్యాసాల మొత్తం కనీసం 30 శాతం తగ్గితే ‘పాక్షిక స్పందన’ అంటారు. అన్నిటికన్నా తగ్గిన స్థాయి నుంచి 20 శాతం పెరిగితే ‘వ్యాధి ముదిరింది’ అని, మధ్యలో ఉంటే ‘నిలకడగా ఉంది’ అని రాస్తారు. వేరేచోట కొత్త కణితి కనిపించినా ‘ముదిరింది’ అనే రాస్తారు. నా అభ్యంతరం ఇక్కడే. ఉన్నచోట పెరగడం, మరోచోటికి పాకడం రెండు వేర్వేరు పనులు. ఘన కణితుల్లో ప్రాణం తీసేది ఎక్కువగా రెండోదే. కీమోథెరపీ మందుల్లో కొన్ని ఈ రెండో పనికి కూడా అడ్డుపడతాయన్న ఆధారాలు పెరుగుతున్నప్పుడు, ఫలితాన్ని గడ్డ పరిమాణంతోనే తేల్చేయడం సరికాదు.

మొదట్లో ఈ మందుల లక్ష్యం పెరుగుదల ఒక్కటే. అమెరికాలోని బోస్టన్‌లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించిన ఫలితాల్లో, అమినోప్టెరిన్ తీసుకున్న 16 మంది లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లల్లో 10 మందికి వ్యాధి కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ మందు వచ్చింది మన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి. అది చూడటానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటుంది. కణం దాన్నే ఫోలిక్ ఆమ్లమనుకుని లోపలికి తీసుకుంటుంది. అది కీలకమైన ఎంజైమును పట్టుకుని వదలదు. దాంతో డీఎన్‌ఏ నకలుకు కావలసిన ముడిసరుకు తయారవదు, విభజన ఆగిపోతుంది. నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ దారి కూడా ఇదే. వేగంగా విభజించుకునే ఆరోగ్యకణాలను కూడా ఈ మందులు వదిలిపెట్టవు కనుకే జుట్టు రాలడం, నోటి పూత, తెల్లరక్తకణాలు పడిపోవడం.

వ్యాప్తి సంగతి తెలియాలంటే కణం లోపలి సూక్ష్మనాళికలను కాస్త దగ్గరగా చూడాలి. ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్ ఇటుకలతో పేర్చిన సన్నని గొట్టాలివి. ఒక చివర పెరుగుతూ, మరుక్షణం ఊడిపోతూ ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. విభజన వేళ క్రోమోజోములను చెరోవైపు లాగే తాళ్ళు ఇవే. బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ మందులు ఆ ఇటుకలను పేరనివ్వవు. పసిఫిక్ యూ చెట్టు బెరడు నుంచి వచ్చిన పాక్లిటాక్సెల్ సరిగ్గా దీనికి వ్యతిరేకం: పేరిన ఇటుకలను ఊడనివ్వదని 1979లో సుసాన్ హార్విట్జ్ బృందం చూపింది. పేరకపోయినా, ఊడకపోయినా తాళ్ళు పనికిరావు.

అయితే ఈ గొట్టాలకు మరో పని ఉంది. కణం తానున్న చోటు వదిలి పాకాలంటే ముందేదో, వెనకేదో తేల్చుకోవాలి. అందుకు కూడా సూక్ష్మనాళికలే ఆధారం. విభజనను ఆపలేనంత తక్కువ మోతాదులో కూడా ఈ రకం మందులు రక్తనాళాల లోపొర కణాల కదలికను అడ్డుకుంటాయని ప్రయోగశాలల్లో తేలింది. కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి ఎదగాలంటే సొంత రక్తనాళాలు కావాలని జూడా ఫోక్‌మన్ 1971లో ప్రతిపాదించారు. దూరంగా పాకే కణాలకు దారి కూడా ఆ నాళాలే.

ఇక్కడే మోతాదు ప్రశ్న వస్తుంది. తట్టుకోగలిగినంత ఎక్కువ మందు ఇచ్చి, ఎముక మజ్జ కోలుకోవడానికి సాధారణంగా మూడు వారాల వరకు విరామం ఇవ్వడం పాత పద్ధతి. ఆ విరామంలో కణితి రక్తనాళాలు కూడా కోలుకుంటాయి. ఫోక్‌మన్ ప్రయోగశాల 2000లో సైక్లోఫాస్ఫమైడ్‌ను కొద్ది రోజులకోసారి, దీర్ఘ విరామం లేకుండా ఇచ్చి చూస్తే, ఆ మందుకే లొంగకుండా పోయిన ఎలుకల కణితులు కూడా అదుపులోకి వచ్చాయి. మందు మారలేదు, అది దెబ్బతీసే కణాలు మారాయి: కణితి కణాలకు బదులు దాని రక్తనాళాల కణాలు. ఈ విధానానికే తర్వాత మెట్రోనోమిక్ చికిత్స అని పేరు వచ్చింది.

మనుషుల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మందు ఎరిబ్యులిన్. సముద్రపు స్పాంజిలో దొరికిన ఒక పదార్థం నమూనాగా తయారైన ఈ మందు పనిచేసేది కూడా సూక్ష్మనాళికల మీదే. అప్పటికే పలు చికిత్సలు పొందిన 762 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై జరిగిన పరీక్షలో, వైద్యులు ఎంచుకున్న ఇతర చికిత్స పొందినవారి మధ్యస్థ జీవితకాలం (సగం మంది అంతకుమించి బతికిన కాలం) 10.6 నెలలుంటే ఎరిబ్యులిన్ తీసుకున్నవారిది 13.1 నెలలు. స్వతంత్ర సమీక్షలో వ్యాధి ముదరడానికి పట్టిన సమయంలో మాత్రం గణాంకపరంగా నిలబడే తేడా రాలేదు. స్కాన్ కొలతలు పెద్దగా చెప్పని మేలు ఆయుష్షులో కనిపించింది. కణితిలోని రక్తప్రసరణను ఈ మందు సరిచేస్తుందనీ, కణాల పాకే స్వభావాన్ని తగ్గిస్తుందనీ ఎలుకలపై జరిగిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. ఆ రెండున్నర నెలలకు కారణం అదేనని రుజువు కాలేదు. అయినా వెతకవలసిన దిక్కు అదేనని నేను నమ్ముతున్నాను.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పాక్లిటాక్సెల్ ఇచ్చిన ఎలుకల రొమ్ము కణితుల్లో, క్యాన్సర్ కణాలు రక్తంలోకి చొరబడే ద్వారాలు పెరిగినట్టు 2017లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. చికిత్సకు దెబ్బతిన్న కణజాలం మరమ్మతు కణాలను పిలుస్తుంది, అవే కణితికి తోడ్పడవచ్చు. అంతమాత్రాన చికిత్స మానుకోవాలనుకోవడం ప్రమాదం. శస్త్రచికిత్స తర్వాత మూడు మందుల కలయిక ఇస్తే రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని ఇటలీలో జియాన్ని బొనడొన్నా 1976లోనే చూపారు, తర్వాతి దశాబ్దాల పరీక్షలూ దాన్ని బలపరిచాయి. ఏ మందు, ఎంత మోతాదులో, ఏ దశలో అన్నదే అసలు చర్చ.

ఆ చర్చకు ఈమధ్య దొరికిన గట్టి ఆధారం ముక్కు వెనక గొంతు భాగంలో వచ్చే క్యాన్సర్‌పై చైనాలో జరిగి 2021లో వెలువడిన పరీక్ష. రేడియేషన్, కీమోథెరపీ పూర్తయి, స్కాన్‌లో కొలవడానికి గడ్డ మిగలని 406 మందిని తీసుకున్నారు. వారిలో సగం మందికి కేపెసిటబీన్ అనే కీమోథెరపీ మాత్రలను మెట్రోనోమిక్ పద్ధతిలో, అంటే తక్కువ మోతాదులో రోజూ, ఏడాది పాటు ఇచ్చి, మిగతావారిని పరిశీలనలో ఉంచారు. తీవ్రమైన దుష్ప్రభావాలు మందు వాడినవారిలో 17 శాతం మందికి, వాడనివారిలో 6 శాతం మందికి కనిపించాయి. మూడేళ్ళ తర్వాత వ్యాధి తిరగబెట్టకుండా ప్రాణాలతో ఉన్నవారు పరిశీలనకే పరిమితమైన వర్గంలో 75.7 శాతం, మాత్రలు వాడిన వర్గంలో 85.3 శాతం.