శిఖరానికి దండాలు, నదికి డ్యాములు

కొండ ఎక్కారని ఒక ముఖ్యమంత్రికి కోపం వచ్చింది. 2025 మేలో రక్షణ శాఖకు చెందిన జాతీయ పర్వతారోహణ, సాహస క్రీడల సంస్థ బృందం నేపాల్ వైపు నుంచి కాంచనజంగ ఎక్కి జెండా పాతి వస్తే, సిక్కిం ముఖ్యమంత్రి ప్రేమ్ సింగ్ తమాంగ్ నేరుగా కేంద్ర హోంమంత్రి అమిత్ షాకు ఉత్తరం రాశారు. ఆ కొండ తమను కాపాడే దేవుడి నివాసమని, దాన్ని ఎక్కడం తమ నమ్మకానికీ, తమ చట్టానికీ విరుద్ధమని ఆ ఉత్తరం సారాంశం. ఆ మాటల్లో మాకు తప్పేమీ కనిపించలేదు. నిజానికి అంతకంటే గట్టిగా రాసినా బాగుండేది.

మా కోపం వేరే. సరిగ్గా నాలుగు నెలల ముందు, అదే ఏడాది జనవరిలో, అదే కొండ నుంచి దిగే నీళ్లు కలిసే తీస్తా నది మీద, 2023లో కొట్టుకుపోయిన డ్యామ్‌ను అదే చోట మళ్లీ కట్టుకోవచ్చని కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ సిఫార్సు చేసింది. కొత్తగా ప్రజాభిప్రాయ సేకరణ లేదు. డ్యామ్ ఉన్న చుంగ్‌థాంగ్ ఊరి వాళ్లను పిలిచి అయ్యా, అమ్మా, మళ్లీ కడదామా అని అడిగింది లేదు. శిఖరం మీద నలుగురు బూట్లతో అడుగుపెడితే అపచారమైన చోట, దాని కాళ్ల దగ్గర 118 మీటర్లకు పైగా ఎత్తున కాంక్రీటు గోడ లేపడం అపచారం ఎందుకు కాలేదో ఎవరైనా చెప్పగలరా?

పాత కథ క్లుప్తంగా. 2023 అక్టోబర్ 3 రాత్రి ఉత్తర సిక్కింలో దాదాపు 5,200 మీటర్ల ఎత్తున ఉన్న సౌత్ లోనాక్ సరస్సులోకి పక్కనున్న మట్టి, మంచు చరియ విరిగిపడింది. గట్టు తెగింది. ఆ నీళ్లు లోయంతా ఊడ్చుకుంటూ వచ్చి చుంగ్‌థాంగ్ దగ్గరి 1,200 మెగావాట్ల తీస్తా-3 డ్యామ్‌ను తీసుకుపోయాయి. యాభై మందికి పైగా చనిపోయారు, డెబ్బై మందికి పైగా ఆచూకీ లేదు, వాళ్లలో సైనికులూ ఉన్నారు. 2017లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన ప్రాజెక్టు అది, ఏడేళ్లయినా నిలవలేదు. పని నాసిరకంగా చేశారని, తప్పు గత ప్రభుత్వానిదని అప్పట్లో ముఖ్యమంత్రే అన్నారు.

ఇందులో మనం ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటుంది. ఆ సరస్సు ప్రమాదకరంగా పెరుగుతోందని, తెగే అవకాశం 42 శాతం దాకా ఉందని 2013లోనే లెక్కగట్టి చెప్పింది మన హైదరాబాద్‌ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు. పదేళ్ల ముందు చెప్పారు! 2016లో సరస్సులోంచి కొంచెం నీళ్లు తోడటానికి ప్లాస్టిక్ పైపులు వేశారు, అంతకు మించి పెద్దగా ఏం జరగలేదు. కింద మాత్రం డ్యామ్ పని ఆగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారని మనం ఎగతాళిగా అంటాం గానీ, ఇక్కడ చేతులు కాలాక కూడా ఆకుల కోసం వెతకలేదు, మళ్లీ అదే పొయ్యిలో చేతులు పెడుతున్నారు.

సరే, అవతలి వాదన కూడా చెప్పుకుందాం. కొత్తది రాతికట్ట కాదట, మొత్తం కాంక్రీటట. వరద వదిలే సామర్థ్యం దాదాపు మూడు రెట్లట, పైన సరస్సుల దగ్గర ముందస్తు హెచ్చరిక యంత్రాలు పెడతారట, రాష్ట్రానికి ఆదాయం, దేశానికి కరెంటు. వినడానికి బాగానే ఉంది. మొదటి డ్యామ్ కట్టేటప్పుడు కూడా వినడానికి ఇంతే బాగుంది.

ఇప్పుడు అసలు విషయం. సిక్కింకు కాంచనజంగ అంటే ఏమిటో, తీస్తా అంటే ఏమిటో తెలియకపోతే ఈ ద్వంద్వ నీతి ఎంత దారుణమో అర్థం కాదు. ఆ కొండ పేరుకు టిబెటన్‌లో గొప్ప మంచు దాచుకున్న అయిదు నిధులు అని అర్థం చెబుతారు. ఏటా పాంగ్ లాబ్సోల్ పండుగ రోజు లామాలు ముసుగులు కట్టి ఆడేది ఆ కొండ దేవుడి కోసమే. సిక్కింలోని లెప్చాలు, భూటియాలు అనే రెండు తెగలవాళ్లు రక్తసోదరులమని ప్రమాణం చేసినప్పుడు సాక్షిగా నిలబడింది ఆ కొండేనని ఆ పండుగలోనే చెప్పుకుంటారు. 1955లో మొట్టమొదట కాంచనజంగ ఎక్కిన జార్జ్ బ్యాండ్, జో బ్రౌన్ అనే ఇద్దరు బ్రిటిషర్లు, సిక్కిం రాజుకు ఇచ్చిన మాట కోసం చిట్టచివరి కొన్ని అడుగులు ఎక్కకుండా వెనక్కి తిరిగారు. అంత దూరం వెళ్లి, ఆక్సిజన్ మాస్కులు పెట్టుకుని, ఒళ్లు గడ్డకట్టే చలిలో నిలబడి కూడా మాట తప్పలేదు. మన కమిటీలకు ఏసీ గదిలో కూర్చుని కూడా అంత ఓపిక లేకపోయింది.

కొండ సరే, మరి నది? లెప్చాలను అడగండి. రంగీత్, రొంగ్న్యూ అని ఇద్దరు ప్రేమికులు, కొండల్లోంచి దిగి కింద మైదానం వైపు కలుసుకుందామని బయల్దేరారు. దారి చూపడానికి రంగీత్‌ పక్షిని వెంటబెట్టుకున్నాడు, రొంగ్న్యూ పామును. పక్షి మేతకీ, షికారుకీ ఆగుతూ అటూఇటూ తిప్పింది, పాము తిన్నగా తీసుకుపోయింది. ఆలస్యంగా చేరిన రంగీత్‌కు పౌరుషం వచ్చి వెనక్కి తిరిగితే లోయలన్నీ మునిగిపోయాయట, రొంగ్న్యూ బతిమాలితే చల్లబడ్డాడట. ఆ రొంగ్న్యూనే మనం తీస్తా అంటున్నాం. లెప్చా పెళ్లిళ్లలో ఈ కథ ఇప్పటికీ పాడతారు. మనిషి పోయాక ఆత్మ, లెప్చాల సొంత ప్రాంతమైన జోంగూ లోయలోని నదుల వెంబడే నడిచి కాంచనజంగ ఒడికి చేరుతుందన్నది వాళ్ల నమ్మకం. అంటే శిఖరం ఇల్లయితే నది ఆ ఇంటికి వెళ్లే దారి. ఇంటికి దండం పెట్టి దారి మూసేయడం ఏం భక్తి?

చుంగ్‌థాంగ్ కూడా మామూలు ఊరు కాదు. లాచెన్, లాచుంగ్ రెండు ఏర్లు కలిసి తీస్తాగా మారే చోటు అది. అక్కడ టిబెట్‌కు బౌద్ధాన్ని తీసుకెళ్లిన గురు పద్మసంభవుడు ఆగాడని చెప్పే పెద్ద బండ ఒకటుంది, ఆయన విడిచిన అన్నం మెతుకుల వల్లే అంత ఎత్తున కూడా వరి పండుతుందని స్థానికులు చెప్పుకుంటారు. నమ్ముతారో లేదో మీ ఇష్టం. కానీ ఆ ఊరి వాళ్లకు నదంటే మెగావాట్ల లెక్క కాదన్న సంగతి మాత్రం నమ్మాలి.

ఇదంతా ప్రభుత్వానికి తెలియదా అంటే, బాగా తెలుసు. 1998లో సిక్కిం ప్రభుత్వం పవిత్రమైన శిఖరాలు, గుహలు, బండలు, సరస్సులు, వేడినీటి బుగ్గలు అని జాబితా రాసి మరీ నోటిఫికేషన్ ఇచ్చింది. 2001లో ఆ శిఖరాలు ఎక్కడాన్ని నిషేధించింది. 2016లో కాంచనజంగ జాతీయ పార్కుకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. ప్రకృతికీ, సంస్కృతికీ కలిపి మిశ్రమ వారసత్వమని గుర్తింపు పొందిన చోటు మన దేశమంతటా ఇదొక్కటే. ఆ హోదా ఊరికే మంచు బాగుందని రాలేదు, ఆ కొండనూ నీళ్లనూ అడవినీ కొలిచే మనుషుల వల్ల కూడా వచ్చింది. డ్యామ్ కట్టే చోటు పార్కు సరిహద్దుకు బయట ఉంది కదా అని అధికారులు వెంటనే అంటారు. ఉండొచ్చు. గీత మ్యాపు మీదే ఉంటుంది, సౌత్ లోనాక్ నీళ్లు ఆ రాత్రి మ్యాపు చూసుకుని ఆగలేదు.

పైగా, నది పవిత్రమని ఒప్పుకుని ప్రాజెక్టు ఆపిన చరిత్ర సిక్కింకే ఉంది. 1642లో మొదటి చోగ్యాల్‌కు, అంటే సిక్కిం రాజుకు, ముగ్గురు లామాలు పట్టం కట్టిన యుక్సోమ్ దగ్గర, రాథోంగ్ ఛూ అనే ఏటి మీద 30 మెగావాట్ల ప్రాజెక్టు మొదలుపెట్టి, భిక్షువులు రోడ్డెక్కాక 1997లో రద్దు చేశారు. తాషిడింగ్ మఠంలో ఏటా తెరిచి చూసి రాబోయే ఏడు ఎలా ఉంటుందో చెప్పే పవిత్ర జల కలశానికి ఆ ఏటి నీళ్లతో సంబంధం ఉంది మరి. తర్వాత 2007లో లెప్చా యువకులు గాంగ్‌టక్‌లో నిరాహార దీక్షకు కూర్చున్నారు, ఏళ్ల తరబడి వంతులవారీగా సాగించారు, జోంగూలో నాలుగు ప్రాజెక్టులు రద్దయ్యాయి. అంటే దారి తెలుసు. తెలిసీ తప్పుతున్నారు. 30 మెగావాట్లయితే నది దేవత, 1,200 మెగావాట్లయితే వట్టి నీళ్లు. ఈ లెక్క ఏ శాస్త్రంలో ఉంది?

టూరిజం పోస్టర్లు చూడండి. కాంచనజంగ మీద పొద్దుటి ఎండ, గురుడోంగ్మార్ సరస్సు, యుమ్‌థాంగ్ పూల లోయ, ఎర్రటి అంగీల్లో చిన్న లామాలు. ఎండాకాలం సెలవుల్లో గాంగ్‌టక్, లాచుంగ్ ప్యాకేజీలు పట్టుకుని వెళ్లే మన తెలుగు కుటుంబాలు కూడా ఆ బొమ్మలు చూసే వెళ్తాయి. ఆ దారి చుంగ్‌థాంగ్ మీదుగానే. 2024 జూన్‌లో చరియలు విరిగిపడి వెయ్యి మందికి పైగా పర్యాటకులు లాచుంగ్‌లో చిక్కుబడ్డారు, 2025 జూన్‌లో మళ్లీ అదే తంతు, పిల్లలతో వెళ్లినవాళ్ల ఇళ్లలో టెన్షన్ ఎంతో మళ్లీ చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టులో అదే నది మీది ఇంకో ప్రాజెక్టు తీస్తా-5 పవర్‌హౌస్ మీద కొండే విరిగిపడింది. ఒక వర్షాకాలం గడిస్తే చాలు రోడ్డు కూడా నిలవని చోట పోస్టర్ అతికించేది ఒక శాఖ, దాని వెనక గోడ తవ్వేది ఇంకో శాఖ. నోరు నవ్వుతుంటే నొసలు వెక్కిరించడమంటే ఇదే.

హైదరాబాద్‌లో కూర్చుని సిక్కిం గురించి మీకెందుకు అని అడిగేవాళ్లుంటారు. మొదటి సంగతి, ఈ ప్రాజెక్టు పెట్టుబడుల్లో, పనుల్లో హైదరాబాద్ కంపెనీల చెయ్యి ముందు నుంచీ ఉంది, లాభం వస్తే ఇక్కడికి వస్తుంది, బురద మాత్రం చుంగ్‌థాంగ్ ఇళ్లలోకి వెళ్తుంది. రెండోది, పాపికొండలు పడవ షికారుకు జనాన్ని పిలుస్తూనే ఆ ఒడ్డున కొండరెడ్ల ఊళ్లను పోలవరం ముంపు జాబితాలో రాసుకున్నవాళ్లం మనం, ఈ వేషం మనకు తెలిసిందే. ఇంకోటి కూడా. మనకు రాజ్యాంగంలో 371-డి ఉన్నట్టే సిక్కింకు 371-ఎఫ్ ఉంది, 1975లో దేశంలో కలిసినప్పుడు ఇచ్చిన మాట అది, అక్కడి పాత చట్టాలనూ కట్టుబాట్లనూ కాపాడతామని. స్థానికత కోసం 371-డి పట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగిన మనకు, అలాంటి మాటను కాగితం మీదే వదిలేస్తే ఎలా మండుతుందో ఒకరు చెప్పాలా?

ఈ ఒక్క డ్యామ్‌తో ఆగే వ్యవహారం కూడా కాదు. తీస్తా మీదే 520 మెగావాట్ల నాలుగో దశ కాచుకుని ఉంది, జోంగూలో దాదాపు 300 మెగావాట్ల పనన్ ప్రాజెక్టు ఉంది. కొట్టుకుపోయిన చోటే, జనాన్ని మళ్లీ అడగకుండా కట్టుకోవచ్చని ఒకసారి ఒప్పుకుంటే రేపు ఉత్తరాఖండ్‌లో, ఎల్లుండి అరుణాచల్‌లో అదే ఫైలు చూపిస్తారు. అక్కడా కొండలకు దండం పెడతారు, అక్కడా నదికి వేలం వేస్తారు. ఈ కొండ ప్రాంతాలన్నిటికీ ప్రభుత్వాలు నేర్పబోయే పాఠం ఇదేనా, దేవుడు ఎత్తులో ఉంటేనే దేవుడని?

పర్యావరణ శాఖ ముందు ఆ సిఫార్సును పక్కనబెట్టాలి. అసలు డ్యామ్ ఎందుకు పోయింది, గేట్లు సమయానికి ఎందుకు ఎత్తలేకపోయారు, ఎవరి జవాబుదారీ ఎంత అన్నది జనం ముందు పెట్టాలి. తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, ఢిల్లీలో కాదు, గాంగ్‌టక్ హోటల్లోనూ కాదు, బురద మేటలు వేసిన చుంగ్‌థాంగ్‌లోనే, లెప్చా, భూటియా, నేపాలీ భాషల్లో. సిక్కిం బీజేపీ అధ్యక్షుడు డి.ఆర్. థాపాయే ఈ అనుమతిని వ్యతిరేకిస్తూ తన పార్టీకే చెందిన కేంద్ర పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్‌కు లేఖ రాశారంటే, ఇది ప్రతిపక్షాల గోల అని కొట్టిపారేయడానికి కూడా వీల్లేదు.

ముఖ్యమంత్రి తమాంగ్ గారికి కొత్తగా కష్టపడే పని కూడా లేదు. అమిత్ షాకు రాసిన ఉత్తరం కాపీ ఆఫీసులో ఉండే ఉంటుంది. అందులో శిఖరం అని ఉన్న ప్రతి చోటా నది అని మార్చి, పైన భూపేందర్ యాదవ్ పేరు రాసి, సంతకం పెట్టి ఈ రోజే పంపండి.