ఫ్లాపీ కెపాసిటీ తెలుసు, ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో తెలియదు

డిగ్రీ పిల్లల కోసం కంప్యూటర్ లిటరసీ ఆన్‌లైన్ కోర్సు తయారవుతోంది. ముసాయిదా సిలబస్ మా స్టాఫ్ గ్రూపులోకి వచ్చింది. మొదటి యూనిట్ కంప్యూటర్ తరాలు: వాక్యూమ్ ట్యూబులు, ట్రాన్సిస్టర్లు, ఐసీలు. రెండోది ఇన్‌పుట్, అవుట్‌పుట్ పరికరాలు. వాటికి వీడియోలు, వీడియోల కింద క్విజ్, చివర్లో సర్టిఫికెట్. ఫ్లాపీని కంటితో చూడని పిల్లలు కూడా దాని కెపాసిటీ 1.44 ఎంబీ అని టక్కున టిక్ పెట్టేస్తారు. కోర్సు పాసైపోతారు.

అసలు ఈ కోర్సు ఎవరు చూస్తారు, దేంట్లో చూస్తారు? 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న ఇళ్లు 10.7 శాతం, పల్లెల్లో అయితే 4.4 శాతమే. ఆ తర్వాత ఎంతో కొంత పెరిగే ఉంటుంది గానీ, మా క్లాసులో సొంత ల్యాప్‌టాప్ ఎవరికుందని అడిగితే లేచే చేతులు ఇప్పటికీ తక్కువే. అంటే కంప్యూటర్ నేర్పే కోర్సుని పిల్లలు బస్సులో కూర్చుని ఫోన్లో చూస్తారు. ఎక్సెల్ వీడియో ఆ చిన్న స్క్రీన్ మీద చీమల బారులా కనిపిస్తుంది. ఈ సంగతి ముసాయిదాలో ఎక్కడా లేదు.

పిల్లలు తెలివితక్కువ వాళ్లని కాదు నేననేది. రీల్ ఎడిట్ చేయడంలో నాకు పాఠాలు చెబుతారు. కానీ ఫోన్ వాళ్లకి ఫైల్ అనేదే కనబడనివ్వదు. ఫొటో గ్యాలరీలో ఉంటుంది, పాట యాప్‌లో ఉంటుంది, అంతే. అందుకే ప్రాజెక్ట్ రిపోర్ట్ వర్డ్ ఫైల్ పంపమంటే, మానిటర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. "డౌన్‌లోడ్ చేశాను సార్, ఎటు పోయిందో తెలీట్లేదు" అనేది నేను రోజూ వినే మాట. ఒక్క పెద్దక్షరం కొట్టడానికి క్యాప్స్ లాక్ వేసి, అక్షరం కొట్టి, మళ్లీ తీసేస్తారు. షిఫ్ట్ సంగతి ఎవరూ చెప్పలేదు. హెడ్డింగ్ మధ్యలోకి రావాలంటే స్పేస్ బార్ అదే పనిగా నొక్కడమే.

ఇంకోటి, నన్ను ఎక్కువ భయపెట్టేది. డిగ్రీ అడ్మిషన్ల పోర్టల్ దోస్త్ దగ్గర్నుంచి స్కాలర్‌షిప్ దాకా అప్లికేషన్లన్నీ నెట్ సెంటర్ అన్నే పెడతాడు. మెయిల్ ఐడీ కూడా ఆయనే క్రియేట్ చేస్తాడు. పాస్‌వర్డ్ ఆయన నోట్‌బుక్కులో ఉంటుంది. ఆయన మంచివాడే, చాలామందికి దిక్కు కూడా. కానీ ఆయన షాపు మూసేస్తే మన పిల్లాడి మెయిల్ గతేంటి?

కాబట్టి నేనైతే కోర్సుని ఫైల్‌తో మొదలుపెడతాను. ఫోల్డర్ చేయడం, పేరు పెట్టడం, కేబీకీ ఎంబీకీ తేడా. అప్లికేషన్ ఫారాలు 50 కేబీ లోపు ఫొటో అడిగితే తగ్గించడం, మెమోలన్నీ ఒకే పీడీఎఫ్ చేయడం. తర్వాత సొంత మెయిల్, పాస్‌వర్డ్ మర్చిపోతే వెనక్కి తెచ్చుకునే దారి. యూపీఐలో మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదని, మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఒక పాఠం. ఎక్సెల్ హాస్టల్ మెస్ బిల్లుతో చెప్పొచ్చు, ఆ లెక్క మీద పిల్లలకు ఎలాగూ అనుమానాలున్నాయి. కంప్యూటర్ పితామహుడు చార్లెస్ బాబేజ్ మీద నాకు ఏ కోపమూ లేదు, ఆఖరి వారంలో టైముంటే వస్తాడు.

ఆన్‌లైన్ అనగానే అందరూ కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' నమూనానే చూపిస్తారు. వీడియో, చదువుకునే మెటీరియల్, చర్చా వేదిక, స్వీయ పరీక్ష. ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సులు స్వయంలో చేసుకోవచ్చని యూజీసీ 2021లోనే అనుమతించింది. ఎకనామిక్స్‌కి ఆ నాలుగూ సరిపోతాయేమో. కీబోర్డ్ మీద చెయ్యి పడకుండా కంప్యూటర్ ఎలా వస్తుంది? వారానికి రెండు గంటలు కాలేజీ ల్యాబ్‌లో కూర్చోవడం కోర్సులో భాగంగానే రాయాలి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ టీమ్ వచ్చినప్పుడు మాత్రమే తాళం తీసే ల్యాబులు మనకి కొత్త కాదు కదా.

పరీక్షలో బిట్లు వద్దు, ఫైళ్లు అడగండి. ఇచ్చిన సైజులో ఫొటో, టోటల్ ఫార్ములాతో వేసిన షీటు, అటాచ్‌మెంట్‌తో మెయిల్. అన్ని ఫైళ్లు ఎవరు దిద్దుతారని మా సహోద్యోగి ఒకాయన అప్పుడే గొడవ మొదలెట్టారు. ఫైల్ సైజు, ఫార్మాట్, గడిలో ఫార్ములా ఉందా లేక అంకె టైప్ చేశారా అన్నవి సాఫ్ట్‌వేరే చూసి చెప్పేస్తుంది. మిగిలింది దిద్దడానికే కదండీ మనకు జీతాలిస్తున్నది.